కిటికీ దగ్గర ఐదు నిమిషాలు

నవంబర్ 22, శుక్రవారం

నిన్నటితో సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ జనవరి ఇరవై ఒకటికి గానీ భూమి ఉత్తర కొసన ఉన్న మా ఊరు ట్రోమ్‌సో వైపు తొంగిచూడడు. ఆయనకు రెండు నెలలు సెలవు. నాకు లేదు.

ఈ నోటుబుక్కు ఎందుకు కొన్నానంటే, ఐదు నెలలుగా ఒక అబద్ధం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎక్కడో ఒకచోట దించుకోవాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ జూన్‌లో తప్పాను. మా ఆయన ఒడ్వార్‌తో పాసయ్యానని చెప్పాను. పడవ ఇంజన్ల నూనె చేతులతోనే నన్ను ఎత్తి తిప్పాడు. సాయంత్రానికి రేవంతా తెలిసిపోయింది. ఇరవై రెండేళ్ళు చేపలు కోసిన టోర్డిస్, ఫ్యాక్టరీ మూతపడితే ఏడుస్తూ కూర్చోకుండా నలభై ఆరో ఏట ఫార్మసిస్టు కాబోతోందని. అంత సంతోషంగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, కాదు, పొరపాటు అని ఎలా చెప్పను?

ఆగస్టులో మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను. ఆ పరీక్ష జరిగిందనే తనకి తెలియదు. జనవరిలో మూడోసారి. నాలుగోసారి అనేది లేదు. తప్పితే ఫార్మసీ చదువు అక్కడితో సరి. ప్రయోగాలు కూడా మళ్ళీ మొదటినుంచి చేస్తున్నాను. అదేదో వేరే కెమిస్ట్రీ అని ఇంట్లో చెప్పాను. అదీ కెమిస్ట్రీయే కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

ఆదివారం చెప్పేస్తాను.

నవంబర్ 24, ఆదివారం

చెప్పలేదు. ఒడ్వార్ చేపల వడలు చేశాడు. అంత మంచి భోజనం పాడు చేయడం న్యాయం కాదు.

నవంబర్ 26, మంగళవారం

ఇవాళ మా మాస్టారు అస్లాక్ నన్ను జూన్‌లో ముంచిన పాఠం దగ్గరికే వచ్చాడు. అరవై దాటిన మనిషి. మోచేతుల దగ్గర రెండు రంగుల అతుకులున్న ఒకే స్వెటరు. పాఠం చెప్తూ సుద్దముక్క పోగొట్టుకుంటాడు. అది చేతిలోనే ఉంటుంది.

ఆల్కేన్లంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేని పదార్థాలు. వంటగ్యాసు, కొవ్వొత్తి మైనం, అలాంటివి. ఎవరి జోలికీ పోవు. వాటిలో బ్రోమిన్ కలిపి చీకట్లో పెడితే అలాగే ఉంటుంది. వెలుగు పడిందా, బ్రోమిన్ అణువు నిట్టనిలువునా రెండవుతుంది. చెరో ముక్కకూ ఒక జంటలేని ఎలక్ట్రాన్ మిగులుతుంది. అలా జంట తెగినదాన్నే రాడికల్ అంటారు. జూన్‌లో నేను ఒక ముక్కకి ప్లస్సూ ఇంకో ముక్కకి మైనస్సూ పెట్టి, ఎలక్ట్రాన్లన్నీ ఒకరికే రాసిచ్చేశాను. ఆగస్టులో ప్లస్సు, మైనస్సు అటూ ఇటూ మార్చాను.

పైగా బాణాలు. రెండు ఎలక్ట్రాన్లు కదిలితే బాణం మొనకు రెండు రెక్కలు, ఒక్కటే కదిలితే ఒక్క రెక్క. ఆ ఒంటిరెక్క బాణాన్ని గాలం బాణం అంటారు. అస్లాక్ బోర్డు మీద అది గీసి, నా వైపు తిరిగి, గాలం ఎలా ఉంటుందో టోర్డిస్‌కి నేను చెప్పాలా అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గాలాల మధ్య పుట్టి పెరిగి, గాలాలు వేసేవాణ్ణి పెళ్ళి చేసుకుని, రెండు పరీక్షల్లో ఒక్క గాలం గీయలేకపోయాను.

అసలు సంగతి బస్సులో వెలిగింది. మా ఫ్యాక్టరీలో చేపలు కోసే బల్ల దగ్గర మేం పన్నెండు మందిమి. కత్తులు పదే ఉండేవి. కత్తి లేనిది పక్కదాని కత్తి లాక్కునేది. ఆ పక్కది ఊరుకుంటుందా, తన పక్కదాని మీద పడేది. రోజంతా చేతిలో కత్తి లేనివాళ్ళు ఇద్దరే, కానీ ఆ ఇద్దరూ మారుతూనే ఉండేవాళ్ళు. ఇదీ అంతే! బ్రోమిన్ ముక్క ఆల్కేన్ దగ్గర హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇప్పుడు ఆల్కేన్‌కి లోటు. అది ఇంకో బ్రోమిన్ అణువు మీద పడి ఒక ముక్క లాక్కుంటుంది. మిగిలిన ముక్కకి మళ్ళీ లోటు. వెలుగు చేసింది మొదటి కత్తి మాయం చేయడమే. ఆ తరువాత గొలుసు తనంతట తనే నడుస్తుంది. ఎప్పుడు ఆగుతుంది? కత్తి లేని ఇద్దరూ ఎదురుపడి, పోదాం పద అని చేతులు పట్టుకుని కాఫీకి పోయినప్పుడు.

పైకే నవ్వేశాను. పక్కసీటాయన లేచి వెనక సీటుకి వెళ్ళిపోయాడు. పోనీ. ఐదు నెలల తరువాత నాకు ఒక విషయం నిజంగా అర్థమైంది. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయాను.

నవంబర్ 28, గురువారం

ప్రయోగశాల. నా జోడీ ఇడున్. ఇరవై ఏళ్ళు, నీలం జుట్టు, నా కంటే రెండింతలు వేగం, నా కంటే మూడింతలు తొందర.

రెండు గాజు గొట్టాల్లో హెక్సేన్ అనే ఆల్కేన్ పోసి, చెరికాస్త బ్రోమిన్ వేయాలి. రెండూ నారింజ ఎరుపు. ఒకదానికి రేకు చుట్టాలి. గదిలో దీపాలు ఆర్పి, రెండో గొట్టాన్ని కిటికీ దగ్గర ఎండలో ఐదు నిమిషాలు ఉంచి, రంగు ఏమైందో రాయాలి. దేశమంతటికీ ఒకే చేతిపుస్తకం. ఏటా ఈ ప్రయోగం సెప్టెంబర్‌లో చేసేవాళ్ళు. ఈసారి పైకప్పు మరమ్మతుల వల్ల ఇప్పటికి జరిగింది. అంతవరకు బాగానే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంట. దీపాలు ఆర్పారు. కిటికీ బయట సిరా నీలం. వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఇరవై ఆరుమందిమి గొట్టాలు పట్టుకుని కిటికీల వెంట బుద్ధిగా నిలబడ్డాం. ఐదు నిమిషాలు అయ్యాయి. రేకు విప్పి పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ అదే నారింజ ఎరుపు. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

ఇడున్ అప్పటికే రాసేస్తోంది. “రంగు పోయింది అని రాయి.”

“పోలేదుగా.”

“పోవాలి కదా. పుస్తకంలో ఉంది.”

“పుస్తకంలో ఎండ కూడా ఉంది.”

ఇడున్ కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, బస్సుకి టైమైందని చెప్పి గొట్టం ఖాళీ చేసేసింది. నేను నా కాగితంలో రాశాను: ఐదు నిమిషాలు. మార్పు లేదు. ఒకే గొట్టం చూశాం ఇద్దరం. దాని కాగితంలో రంగు పోయింది, నా కాగితంలో ఉంది.

డిసెంబర్ 1, ఆదివారం

ఒడ్వార్ కిటికీలో క్రిస్మస్ నక్షత్రం కట్టి దీపం పెట్టాడు. పండగ పూట అలాంటి విషయాలు ఎత్తకూడదు.

డిసెంబర్ 3, మంగళవారం

నా నివేదిక తిరిగొచ్చింది. ప్రయోగశాల చూసుకునే కుర్ర అసిస్టెంటు ఆకుపచ్చ సిరాతో రాశాడు: పరిశీలన తప్పు, సరిచేసి శుక్రవారంలోగా ఇవ్వాలి. నివేదిక ఆమోదం కాకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

ఇడున్ నా కోసం నిజంగా కంగారు పడింది. ఒక్క ముక్క కొట్టేసి ఒక్క ముక్క రాయమంది. నేను రాయనన్నాను. రంగు పోలేదు, నా రెండు కళ్ళతో చూశాను, పోయిందని ఎలా రాస్తాను అన్నాను. ఇరవై రెండేళ్ళు చేపల పెట్టెల మీద తారీఖు వేశాను, ఒక్కరోజు కూడా నిన్నటి చేపకి ఇవాళ్టి తారీఖు వేయలేదు అని కూడా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు.

ఇడున్ తల పట్టుకుంది. “అది గాజు గొట్టం, టోర్డిస్. నీ మొగుడేం కాదు, అంత నిజాయితీగా ఉండటానికి.”

నేను కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాను.

డిసెంబర్ 5, గురువారం

అస్లాక్ గదికి వెళ్ళాను. నివేదిక చదివాడు. ఆకుపచ్చ సిరా చదివాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మంచులో మెరుస్తున్న వీధి దీపాన్ని కాసేపు చూశాడు.

బీరువాలోంచి మిగతా ఇరవై ఐదు నివేదికలూ తీసి ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. రంగు పూర్తిగా పోయింది. మూడు నిమిషాల్లో మాయమైంది. ఒకడు సెకన్లతో సహా రాశాడు, రెండు నిమిషాల పదిహేడు సెకన్లని. అక్కడికి వచ్చేసరికి అస్లాక్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. నవ్వీ నవ్వీ నాకు పక్కలు నొప్పి పుట్టాయి.

“ఇరవై ఐదుమందికి కనిపించిన సూర్యుడు నీ ఒక్కదానికే కనిపించలేదన్నమాట,” అన్నాడు.

తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ ఇరవై ఐదింటి కిందా సంతకం తనదే. ఒక్కొక్క సంతకం మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. నా కాగితం మీద ఆకుపచ్చ గీత కొట్టేసి, ఆమోదం అని రాసి, తారీఖు వేశాడు. ఆ ఇరవై ఐదుమందినీ పిలిచి మాట్లాడతానన్నాడు. మూడోసారి రాసేవాళ్ళం ముగ్గురమే కాబట్టి ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారట. బెర్గెన్ నుంచి బయటి పరీక్షకురాలు వస్తుంది. తేదీ చూసి మళ్ళీ నవ్వాడు. జనవరి ఇరవై ఒకటి, పదకొండున్నర, దక్షిణం వైపు కిటికీలున్న గది.

“గొట్టం నేను తెస్తా. సూర్యుణ్ణి నువ్వు తీసుకురా.”

మెట్లు రెండేసి చొప్పున దిగాను. నా మోకాళ్ళకి ఆ సంగతి రాత్రికి గుర్తొస్తుంది.

డిసెంబర్ 8, ఆదివారం

పడవల సంఘంలో కాఫీ, కేకులు. అక్కడ పాఠంలో మిగతా సగం, క్లోరిన్‌కీ బ్రోమిన్‌కీ తేడా, కళ్ళ ముందు జరిగింది. పిల్లల గుంపు బల్ల మీద పడి చేతికి ఏది దగ్గరైతే అది లాక్కుంది. మా అత్తగారు మాత్రం పళ్ళెం పట్టుకుని బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, చిత్తడి నేలల్లో అరుదుగా దొరికే అడవి పళ్ళ మీగడ కేకు ఎక్కడుందో చూసుకుని, దానిలోనూ మధ్య ముక్క తీసుకుంది. పిల్లలు క్లోరిన్. ఏ హైడ్రోజన్ దొరికితే అది పీకుతుంది, అందుకే పది రకాల సరుకు తయారవుతుంది. అత్తగారు బ్రోమిన్. నిదానం, కానీ కావలసినదాని దగ్గరికే వెళుతుంది. మూడు కార్బన్ల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది కాబట్టి, దాని జోలికే పోతుంది. ఇన్నాళ్ళూ బట్టీ పట్టిన అంకెలన్నీ మా అత్తగారి పళ్ళెంలో ఉన్నాయి.

ఆవిడ చదువెలా సాగుతోందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఒడ్వార్ అందుకున్నాడు. ఆ భయంకరమైన కెమిస్ట్రీ జూన్‌లోనే కొట్టేసిందమ్మా అన్నాడు. నేను ఇంకో రెండు కేకు ముక్కలు తిన్నాను.

ఇడున్ మాట గుర్తొస్తోంది. దానికేం తెలుసు, చిన్నపిల్ల.

డిసెంబర్ 15, ఆదివారం

చెప్పలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

చెప్పలేదు. చేపల వడలు.

డిసెంబర్ 24

ఒడ్వార్ బహుమతి విప్పాను. తెల్లకోటు. జేబు మీద నీలం దారంతో అత్తగారి చేతికుట్టు: టోర్డిస్, ఫార్మసిస్టు. తొడుక్కోమన్నారు, తొడుక్కున్నాను. ఒడ్వార్ లేచి నిలబడి గ్లాసు ఎత్తాడు. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. బయటికి వచ్చి ఉల్లిపాయలన్నాను. ఇవాళ వంటలో ఉల్లిపాయలు లేవు.

గాజు గొట్టం గురించి ఒక్క ముక్క తప్పు రాయలేని దాన్ని. ఈ కోటు నా ఒంటి మీద ఎలా నిలిచిందో నాకు తెలియదు.

జనవరి 13, సోమవారం

ఇవాళ క్రిస్మస్ చెట్టు బయట పారేసే రోజు. ఒడ్వార్ మొదలు పట్టుకున్నాడు, నేను కొన పట్టుకున్నాను. గుమ్మంలో చెట్టు అడ్డంగా ఇరుక్కుపోయింది. తను బయట మంచులో, నేను లోపల, మధ్యలో చెట్టు. మొహాలు కనిపించడం లేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

చెట్టులోంచే చెప్పేశాను. జూన్‌లో తప్పాను. ఆగస్టులోనూ తప్పాను. వచ్చే మంగళవారం ఆఖరిసారి. అన్నీ చెప్పాను, గుక్క తిప్పుకోకుండా.

 కొమ్మల్లోంచి వినిపించింది.

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“జూన్ నుంచి. పాసైన పుస్తకాన్ని అంత కోపంగా ఎవరూ చదవరు.”

మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని నాకే కోపం వచ్చింది. తనకి నవ్వొచ్చింది. నువ్వే చెప్తావని చూశాను అన్నాడు. ప్రతి ఆదివారం నోరు తెరిచేదానివి, వడ పెట్టుకుని మూసేసేదానివి. నీకోసం ఎన్ని వడలు చేశానో లెక్కలేదు అన్నాడు.

“తెలిసీ ఆ కోటెందుకు కుట్టించావు మరి?”

“అది జూన్ గురించి కాదు. జనవరి గురించి.”

చెట్టు రాలేదు. నేనే కొమ్మల కిందనుంచి పాక్కుంటూ బయటికి వెళ్ళి తన మెడ పట్టుకున్నాను. ఇద్దరి జుట్టులోనూ ఆకులు. ఎదురింటివాళ్ళు కర్టెన్ పక్కకి తీసి చూశారు. చూడనీ. ఒంట్లోంచి ఒక బండరాయి తీసేసినట్టుంది. అమ్మయ్య, అమ్మయ్య, అమ్మయ్య.

జనవరి 20, సోమవారం

రేపు మబ్బు అంటున్నారు. వాతావరణం వాళ్ళు కూడా పుస్తకం చూసే రాస్తారేమో.

జనవరి 21, మంగళవారం

పొద్దున్నే ఊరంతా పంచదార వాసన. జామ్ పెట్టి పంచదారలో దొర్లించిన సూర్యుడి బన్నుల కోసం ప్రతి బేకరీ ముందూ బారులు. సూర్యుడు వచ్చినా రాకపోయినా బన్ను తినాల్సిందే. నేను తినలేదు.  తెల్లకోటు సంచిలో పెట్టుకున్నాను, తొడుక్కోలేదు.

దక్షిణం గదిలో అస్లాక్, పక్కన బెర్గెన్ నుంచి వచ్చిన గుద్రున్. పొట్టి జుట్టు, సూటి చూపు, నవ్వుని పొదుపుగా వాడే మనిషి. వెలుగులో బ్రోమిన్ ఏమవుతుందో గీయమంది.  గీశాను. ఒంటిరెక్క బాణాలు రెండు, రెండు గాలాలు, అటొకటి ఇటొకటి. ప్లస్సు లేదు, మైనస్సు లేదు.

గొలుసు ఎలా నడుస్తుందో చెప్పమంది. పుస్తకం మాటల్లో మొదలుపెట్టి రెండో వాక్యంలో ఇరుక్కుపోయాను.  జూన్‌లో ఇలాగే ఇరుక్కుని, ఏదో ఒకటి రాసేసి బయటపడ్డాను. ఇవాళ అలా చేయదలచుకోలేదు. మా బల్ల దగ్గర పన్నెండు మందిమి, కత్తులు పది అన్నాను. గుద్రున్ పెన్ను కింద పెట్టింది. కత్తులు చేతులు మారుతూ, చివరికి లేనివాళ్ళిద్దరూ కాఫీకి పోయేదాకా చెప్పాను. తరువాత ఒక్కొక్క కత్తి పక్కన ఏ అణువు ఏమిటో బోర్డు మీద రాశాను. ఒకటి కూడా తప్పలేదు. క్లోరిన్‌కీ బ్రోమిన్‌కీ తేడా అడిగితే పిల్లల గుంపునీ, అత్తగారి పళ్ళేన్నీ చెప్పి, అంకెలు కూడా చెప్పాను.

అప్పుడు ఆవిడ నా నివేదిక తీసింది. మిగతా ఇరవై ఐదుమంది రంగు పోయిందని రాశారు, నీ గొట్టంలో ఎందుకు పోలేదు అంది.

“ఎండ లేదు కాబట్టి.”

“మరి వాళ్ళ గొట్టాల్లో ఎలా పోయింది?”

“గొట్టాల్లో పోలేదు. కాగితాల్లో పోయింది.”

గుద్రున్ అప్పుడు నవ్వింది, పొదుపు లేకుండా. అస్లాక్ తన స్వెటరు అతుకు చూసుకుంటున్నాడు.

సరిగ్గా ఆ వేళకి కింద వీధిలో పిల్లలు కేకలు మొదలుపెట్టారు. బడి పిల్లలందర్నీ బయటికి తెచ్చారు. మబ్బు అంచు చిరిగి, కొండల సందులోంచి ఒక ఎర్రటి చార వచ్చి బల్ల మీద పడింది. రెండు నెలల తరువాత. ముగ్గురం అటు తిరిగాం. గుద్రున్ చెయ్యి ఆ వెలుగులో పెట్టి చూసుకుంది. వానల ఊరి మనిషి, ఎండ విలువ ఆవిడకీ తెలుసు.

అస్లాక్ లేచి, విషవాయువులు బయటికి లాగే గాలి గూట్లోంచి రేకు చుట్టిన గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టాడు. గట్టిగా మూత బిగించినది. రేకు విప్పి కిటికీలో నిలబెట్టాను. నారింజ ఎరుపు. ముగ్గురం పక్కపక్కన, పిల్లల్లా ముక్కులు అద్దానికి ఆనించి. రెండు నిమిషాలు ఏమీ లేదు. మూడో నిమిషంలో పైభాగం కొంచెం పలచబడింది. ఐదో నిమిషానికి నారింజ. ఏడో నిమిషానికి తేనె. లోపల కత్తులు చేతులు మారుతున్నాయని తెలుసు, అయినా నా కళ్ళ ముందే అలా మారిపోతుంటే రెప్ప వేయబుద్ధి కాలేదు.  ఎనిమిదో నిమిషంలో సూర్యుడు మళ్ళీ కొండ వెనక్కి దిగిపోయాడు.

“ఏం చూశావో చెప్పు,” అంది గుద్రున్.

అస్లాక్ నా వైపు చూశాడు. ఆ మనిషికి ఆ రంగు పూర్తిగా పోవాలని ఎంత ఉందో నాకు తెలుసు. నాకూ ఉంది. అంత మంచి రోజున పోయిందంటే ఎవరు కాదంటారు?

“ఎనిమిది నిమిషాలు. నారింజ ఎరుపు లేత గడ్డి రంగయింది. పూర్తిగా పోలేదు.”

గుద్రున్ రాసుకుంది. నన్ను బయట కూర్చోమన్నారు. మూడు నిమిషాలకి పిలిచారు. సి వచ్చింది. అస్లాక్ నాకంటే ముందే ఏడుస్తున్నాడు. ఏ కాదు, బి కాదు, సి. నా జీవితంలో ఇంత అందమైన అక్షరం చూడలేదు.

బయట ఒడ్వార్ గేటు దగ్గర బన్నుల సంచితో నిలబడి ఉన్నాడు. మీసాలకి పంచదార. నాకోసం ఆగలేకపోయాడన్నమాట.

“ఏమైంది?”

“పాస్.”

సంచి వెనక్కి లాక్కున్నాడు. “నిజంగానా, జూన్‌లో పాసైనట్టా?”

కాగితం తీసి చూపించాను. కింద రెండు సంతకాలు. తను వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, నడివీధిలో నాకు తెల్లకోటు తొడిగాడు, చలికోటు మీదనే. అప్పుడిచ్చాడు బన్ను. ఇంటిదాకా అలాగే నడిచాం. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ తనే చెప్పాడు. జూన్‌లో చెప్పింది అబద్ధమని నాకూ తనకీ తప్ప వాళ్ళెవరికీ తెలియదు.

జనవరి 22, బుధవారం

ఇవాళ మబ్బు. సూర్యుడు కనిపించలేదు.